ఫాల్టు లెక్క వచ్చినవాళ్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

పత్రికల కెరీర్ పేజీల్లో సౌర, పవన విద్యుత్తు గురించి వచ్చే వ్యాసాలు దాదాపు ఒకే ధోరణిలో ఉంటున్నాయి. ఇన్ని గిగావాట్లు రాబోతున్నాయి, ఇన్ని ఉద్యోగాలు వస్తాయి, ఫలానా కోర్సు చేయండి అంటారు. ఆ ఉద్యోగంలో చేరాక రోజూ చేయాల్సిన పనేమిటో మాత్రం రాయరు. దాంతో ఎలక్ట్రికల్ బ్రాంచిలో చేరిన పిల్లల్లో రెండు అపోహలు పాతుకుపోయాయి. సోలార్ అంటే ప్యానెళ్లు బిగించడమేనని కొందరి నమ్మకం. ఫాల్టు లెక్కలు (లైను షార్ట్ అయినప్పుడు పారే కరెంటు లెక్కలు), సిమెట్రికల్ కాంపొనెంట్లు (సమతూకం తప్పిన మూడు ఫేజులను విడదీసి లెక్కించే పద్ధతి), రిలేలు (ఫాల్టును పసిగట్టి బ్రేకరును తెరిపించే పరికరాలు) థర్మల్ కేంద్రాలతోపాటే పాతబడిపోయాయని మరికొందరి నమ్మకం. ఎక్కువ చేటు చేస్తున్నది ఈ రెండోదే. బొగ్గు నుంచి సౌర, పవన విద్యుత్తుకు మారేకొద్దీ పుస్తకంలోని ఆ పాత అధ్యాయాలు తేలికపడకపోగా మరింత చిక్కుపడుతున్నాయి. ఆ చిక్కు విప్పగలిగినవారికి పని ఉంటుంది. ఎందుకో అంకెలతోనే చెబుతాం.

33 కిలోవోల్టుల లైనుకు కలిపిన 10 ఎంవీఏ (ఇంచుమించు 10 మెగావాట్ల) కేంద్రాన్ని తీసుకుందాం. దాని ఫుల్ లోడు కరెంటు 175 ఆంపియర్లు. ఓవర్‌కరెంట్ రిలే పికప్ (రిలే కదలడం మొదలుపెట్టే కరెంటు) అంతకు 1.2 రెట్లు, అంటే 210 ఆంపియర్లకు పెట్టారనుకుందాం. కేంద్రంలో ఉన్నది థర్మల్ కేంద్రాల్లో తిరిగే సింక్రనస్ జనరేటరై, దాని సబ్‌ట్రాన్సియెంట్ రియాక్టెన్స్ (ఫాల్టు తొలి క్షణంలో కరెంటుకు అడ్డుపడే గుణం) 0.15 పర్ యూనిట్ (రేటింగ్‌తో పోల్చిన కొలత) అయితే, పక్కనే త్రీ ఫేజ్ ఫాల్టు పడిన క్షణంలో దాదాపు 1,170 ఆంపియర్లు తోస్తుంది. టైమ్ మల్టిప్లయర్ 0.1 పెట్టిన స్టాండర్డ్ ఇన్వర్స్ కర్వ్ (కరెంటు పెరిగేకొద్దీ త్వరగా ట్రిప్ ఇచ్చే రేఖ) మీద ఆ కరెంటుకు రిలే 0.4 సెకన్లలో ట్రిప్ ఇస్తుంది. ఫాల్టు కరెంటు క్రమంగా తగ్గుతుంది కాబట్టి ఇంకాస్త ఆలస్యమైనా బ్రేకరు తెరుచుకోవడం ఖాయం.

ఇప్పుడు అదే 10 ఎంవీఏ, ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ల నుంచి వస్తోందనుకోండి. ఇన్వర్టర్‌లోని ఐజీబీటీలు (సెమీకండక్టర్ స్విచ్‌లు) ఎక్కువ కరెంటును తట్టుకోలేవు. అందుకని కంట్రోలరే కరెంటును రేటింగ్‌కు 1.1 నుంచి 1.2 రెట్ల దగ్గర కట్టేస్తుంది. అంటే 193 నుంచి 210 ఆంపియర్లు. రిలేకు అది నిండు ఎండలో మామూలు లోడులాగే కనిపిస్తుంది, ట్రిప్ ఇవ్వదు. గ్రిడ్ వైపు బ్రేకరు తెరుచుకున్నాక కూడా కేంద్రం నుంచి ఫాల్టుకు కరెంటు అందుతూనే ఉండవచ్చు. అందుకే ఇలాంటి చోట ఓవర్‌కరెంట్ రిలే ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. వోల్టేజి పడిపోవడాన్ని కూడా చూసే రక్షణ, లైను రెండు చివరల కరెంటును పోల్చే లైన్ డిఫరెన్షియల్, అవతలి సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ట్రిప్ సంకేతం, వీటిలో ఏది ఎక్కడ పెట్టాలో లెక్కగట్టి నిర్ణయించాలి. ఆ లెక్క వేసే మనిషే ప్రొటెక్షన్ ఇంజినీరు.

ఇంతకంటే లోతైన చిక్కు నెగెటివ్ సీక్వెన్స్‌ది, అంటే మూడు ఫేజులు సమతూకం తప్పినప్పుడు పుట్టే ఎదురు వరస భాగానిది. ఒక ఫేజు నేలకు తగిలినప్పుడు ఫాల్టు ముందుందా వెనకుందా అన్నది చాలా రిలేలు నెగెటివ్ సీక్వెన్స్ వోల్టేజికీ కరెంటుకూ మధ్య ఉన్న కోణాన్ని బట్టి తేల్చుకుంటాయి. తిరిగే యంత్రంలో ఆ కోణం ఎప్పుడూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది, కాయిళ్ల స్వభావమే అంత. ఇన్వర్టర్‌లో అది సాఫ్ట్‌వేర్ రాసినవాడి ఇష్టం. కొన్ని కంట్రోలర్లు నెగెటివ్ సీక్వెన్స్ కరెంటును పూర్తిగా అణిచేస్తాయి. దాంతో రిలే తన వెనక పడిన ఫాల్టును ముందు పడినట్టు భావించి ఆరోగ్యంగా ఉన్న లైనును తెంపేయవచ్చు. టెస్ట్ కిట్‌తో పరీక్షిస్తే ఆ రిలేలో ఏ లోపమూ కనిపించదు. ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ 2022లో తెచ్చిన 2800 ప్రమాణం, అసమతుల్య ఫాల్టుల్లో ఇన్వర్టర్లు నెగెటివ్ సీక్వెన్స్ కరెంటు ఇవ్వాలని అడిగింది ఇందుకే. పరీక్షకు రాదులే అని పిల్లలు వదిలేసే అధ్యాయం మీద ఇప్పుడు ఇంత ఆధారపడి ఉంది.

ఈ సందర్భంలోనే మరో మాట. గ్రిడ్ వైపు స్టార్ న్యూట్రల్‌ను ఎర్త్ చేసి, రెండో వైపు డెల్టా ఉన్న ట్రాన్స్‌ఫార్మరు, అర్ధరాత్రి ఒక్క ప్యానెల్ కూడా పనిచేయని వేళ సైతం ఎర్త్ ఫాల్టుకు జీరో సీక్వెన్స్ కరెంటు (మూడు ఫేజుల్లో ఒకేసారి ఒకేలా పారే భాగం) ఇస్తుంది. రాత్రి కేంద్రం ఆగిపోయింది కదా, ఆ కరెంటు ఎక్కడిది అని అడిగేవారు ఎక్కువే. వెక్టర్ గ్రూప్, అంటే ట్రాన్స్‌ఫార్మరు వైండింగ్‌లను కలిపిన తీరే ఆ కరెంటుకు దారి ఇస్తుందని అర్థమైనవారికి ఆ ప్రశ్నే రాదు.

ఒక్క సెట్టింగ్ ఎంత పని చేస్తుందో 2016 రెండుసార్లు చూపించింది. ఆ ఏడాది సెప్టెంబర్ 28న తుపాను గాలులకు దక్షిణ ఆస్ట్రేలియాలో ట్రాన్స్‌మిషన్ టవర్లు కూలాయి. రెండు నిమిషాల వ్యవధిలో వోల్టేజి పలుమార్లు కుంగింది. ఇన్నిసార్లకు మించి కుంగితే ఆగిపోవాలనే పరిమితి చాలా విండ్ టర్బైన్ల కంట్రోలర్లలో ఉంది. ఆ సంగతి గ్రిడ్ నిర్వాహకులకే తెలియదు. కొన్ని సెకన్లలో 456 మెగావాట్ల పవన విద్యుత్తు తగ్గిపోయింది. ఆ లోటంతా పక్క రాష్ట్రం నుంచి వచ్చే లైను మీద పడి అది ట్రిప్ అయింది. రాష్ట్రమంతా చీకటైంది. తర్వాత చేసిన దిద్దుబాట్లలో ముఖ్యమైనది ఆ పరిమితిని మార్చడమే. టర్బైన్లలో బోల్టు కూడా విప్పాల్సిన పని లేకుండా పోయింది.

అంతకు ముందు నెల, ఆగస్టు 16న, కాలిఫోర్నియాలో కార్చిచ్చు పొగ వల్ల 500 కిలోవోల్టుల లైన్ల మీద ఫాల్టులు పడ్డాయి. లైన్ల రక్షణ సరిగ్గానే పనిచేసింది. అయినా సుమారు 1,200 మెగావాట్ల సౌర విద్యుత్తు ఒక్కసారిగా పోయింది. ఫాల్టు క్షణంలో వోల్టేజి తరంగం వంకర తిరిగితే చాలా ఇన్వర్టర్లు దాన్ని చూసి ఫ్రీక్వెన్సీ 57 హెర్ట్జ్‌ల కిందికి పడిందని పొరబడ్డాయి, వెంటనే ఆగిపోయాయి. 60 హెర్ట్జ్‌ల గ్రిడ్‌లో ఆ రోజు ఫ్రీక్వెన్సీ నిజానికి 59.8 కంటే కిందికి పోనేలేదు. ట్రిప్‌కు ముందు కాస్త ఆగి చూడమని ఇన్వర్టర్లకు చెప్పడమే మందు అయింది. కొలత ఎంత సేపు తీసుకోవాలి, ఎప్పుడు నమ్మాలి అన్నది సిగ్నల్ ప్రాసెసింగ్ పాఠం. ఎలక్ట్రికల్ విద్యార్థి అది తనకెందుకని అనుకోకూడదు.

పుస్తకాల్లో ఇంకా సరిగ్గా చేరని సమస్య బలహీన గ్రిడ్. కేంద్రం కలిసేచోట షార్ట్ సర్క్యూట్ స్థాయి (ఫాల్టు పడితే గ్రిడ్ ఎంత బలంగా కరెంటు ఇవ్వగలదో చెప్పే కొలత) 600 ఎంవీఏ ఉందనుకుందాం. అక్కడ 100 మెగావాట్ల సోలార్ పెడితే షార్ట్ సర్క్యూట్ రేషియో 6. బేషుగ్గా ఉంటుంది. అదే చోట అలాంటివే మరో నాలుగు కేంద్రాలు వచ్చి చేరితే మొత్తం 500 మెగావాట్లు, రేషియో 1.2. మూడు కంటే తగ్గితేనే బలహీనమంటారు. ఐదు కేంద్రాలూ విడివిడిగా చేయించుకున్న స్టడీ రిపోర్టుల్లో అంతా బాగానే ఉంటుంది, ఎందుకంటే పక్కవాడు వస్తున్నాడని ఏ రిపోర్టూ లెక్కలోకి తీసుకోలేదు. ఇన్వర్టర్ గ్రిడ్ వోల్టేజి కోణాన్ని పీఎల్ఎల్ అనే కంట్రోల్ లూప్ ద్వారా అనుసరిస్తూ నడుస్తుంది. గ్రిడ్ బలహీనమైతే తన కరెంటు వల్ల ఆ వోల్టేజే కదులుతుంది. కదిలినదాన్ని మళ్లీ అనుసరించబోతుంది, అది మళ్లీ కదులుతుంది. చివరికి అందరి మెగావాట్లూ ఊగిసలాడడం మొదలవుతుంది.

ఈ ఊగిసలాట మామూలు లోడ్ ఫ్లో, స్టెబిలిటీ స్టడీల్లో చాలాసార్లు కనిపించదు. మైక్రోసెకన్ల అడుగులతో తరంగాన్నే లెక్కించే ఈఎంటీ (ఎలక్ట్రోమాగ్నెటిక్ ట్రాన్సియెంట్) స్టడీ కావాలి. పీఎస్‌క్యాడ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో, ఇన్వర్టర్ తయారీదారు ఇచ్చిన అసలు కంట్రోలర్ మోడల్‌తో ఆ పని చేయాలి. ఈ విద్య ఓపికతో వస్తుంది. సిమ్యులేషన్ బటన్ నొక్కడం రెండు వారాల్లో వచ్చేస్తుంది. వచ్చిన ఊగిసలాట నిజమా, మోడల్‌లో టైమ్ స్టెప్ తప్పా అని తేల్చుకోవడానికి మాత్రం కంట్రోల్ సిస్టమ్స్ బాగా తెలిసుండాలి. పరిష్కారాలూ అంతే: కంట్రోలర్ గెయిన్ తగ్గించడం, వోల్టేజిని తామే నిలబెట్టే గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్లు పెట్టడం, సింక్రనస్ కండెన్సర్లు తేవడం. టర్బైన్ లేకుండా ఊరికే తిరిగే జనరేటరే ఈ సింక్రనస్ కండెన్సర్. ఫాల్టు కరెంటు, ఇనర్షియా (ఫ్రీక్వెన్సీ హఠాత్తుగా మారకుండా ఆపే తిరుగుడు బలం), రియాక్టివ్ పవర్ (వోల్టేజిని నిలబెట్టే, పనిగా మారని విద్యుత్తు) మూడూ ఇస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియా 2021లో అలాంటివి నాలుగు నడపడం మొదలుపెట్టింది. థర్మల్ కేంద్రాల్లో ఎక్సైటేషన్, బేరింగ్ లూబ్రికేషన్, జనరేటర్ రక్షణ చూసిన అనుభవజ్ఞులారా, మీ పని ముగిసిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి.

వోల్టేజి సంగతి కూడా చూడాలి. 33 కిలోవోల్టుల భూగర్భ కేబుల్‌కు కిలోమీటరుకు 0.25 మైక్రోఫారడ్ కెపాసిటెన్స్ అనుకుంటే, 50 హెర్ట్జ్‌ల దగ్గర అది కిలోమీటరుకు సుమారు 85 కేవీఏఆర్ రియాక్టివ్ పవర్ పుట్టిస్తుంది. పెద్ద సోలార్ కేంద్రంలో అలాంటి కేబుల్ 40 కిలోమీటర్లు ఉంటే 3.4 ఎంవీఏఆర్. పగలు లోడు మోస్తున్నప్పుడు ఇది పెద్దగా కనపడదు. రాత్రి ఇన్వర్టర్లు నిద్రపోయాక ఆ రియాక్టివ్ పవరంతా గ్రిడ్‌లోకి పోయి వోల్టేజిని పైకి నెడుతుంది. దాన్ని పీల్చుకునే షంట్ రియాక్టర్ పెట్టాలా, రాత్రి కూడా రియాక్టివ్ పవర్ తీసుకునే ఇన్వర్టర్లు కొనాలా అన్నది డిజైన్ దశలోనే తేల్చాలి. కట్టేశాక గుర్తొస్తే ఖర్చు కొండంత అవుతుంది. వోల్టేజి పెరుగుదలను తేలిగ్గా తీసుకోకూడదనడానికి 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటైన ఘటన చాలు. వోల్టేజి పెరిగి కొన్ని కేంద్రాలు ట్రిప్ అయ్యాయి, అవి పోవడంతో వోల్టేజి ఇంకా పెరిగింది, మరికొన్ని పోయాయి.

డీసీ వైపు తప్పులు ఇంకా సాదాసీదాగా ఉంటాయి, అందుకే ఎక్కువగా జరుగుతాయి. మాడ్యూల్ (ఒక సోలార్ ప్యానెల్) ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, అంటే లోడు లేనప్పటి వోల్టేజి, 25 డిగ్రీల దగ్గర 49.5 వోల్టులు, సిస్టమ్ పరిమితి 1,500 వోల్టులు. కొత్తగా వచ్చినవారు భాగించి, ఒక స్ట్రింగ్‌లో (వరసగా కలిపిన గొలుసులో) 30 మాడ్యూళ్లు అంటారు. కానీ డేటాషీట్‌లో ఉష్ణోగ్రత గుణకం డిగ్రీకి మైనస్ 0.27 శాతం అని ఉంటుంది. అక్కడ నమోదయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీలైతే, 20 డిగ్రీల తేడాకు వోల్టేజి 5.4 శాతం పెరిగి మాడ్యూల్‌కు 52.2 వోల్టులు అవుతుంది. 30 మాడ్యూళ్లకు 1,565 వోల్టులు, 29కి 1,513. కాబట్టి సరైన సంఖ్య 28. ఈ తప్పు ఎండాకాలంలో బయటపడదు. చలి ఉదయం వెలుతురు వచ్చి, ఇన్వర్టర్ ఇంకా లోడు తీసుకోకముందు ఆ వోల్టేజి పూర్తిగా ఇన్వర్టర్ ముంగిట నిలబడుతుంది.

కనెక్టర్లదీ అదే కథ. చూడ్డానికి ఒకేలా ఉండి ఒకదానిలో ఒకటి టక్కున కూర్చుంటాయి కాబట్టి ఒక కంపెనీ ప్లగ్గును మరో కంపెనీ సాకెట్‌లో పెట్టేస్తారు. కాంటాక్టు లోహం, స్ప్రింగ్ ఒత్తిడి, సీలు వేరు వేరు. కొన్ని నెలలకు కాంటాక్టు రెసిస్టెన్స్ పెరిగి వేడెక్కుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది, ఆర్క్ (గాలిలో మండే కరెంటు మెరుపు) మొదలవుతుంది. 50 హెర్ట్జ్‌ల ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి ఆర్క్ ఆరిపోయే అవకాశం దొరుకుతుంది. డీసీలో ఆ సున్నా రాదు. అంటుకున్న ఆర్క్ మండుతూనే ఉంటుంది. ఎదురెదురు కనెక్టర్లు ఒకే తయారీవి కావాలి, క్రింపింగ్‌కు ఆ కంపెనీ చెప్పిన టూలే వాడాలి, ఏటా ఎండ బాగా ఉన్నప్పుడు థర్మల్ కెమెరాతో చూడాలి.

ఉద్యోగం మొదలుపెట్టేవారికి మేం మొదట చెప్పేది టెస్టింగ్, కమిషనింగ్ విభాగమే. డిప్లొమా చదివినవారికీ ఇంజినీరింగ్ చదివినవారికీ అక్కడ సమానంగా పని ఉంటుంది, తెలివి త్వరగా పదునెక్కుతుంది. వరసలో పెద్ద రహస్యమేమీ లేదు. సీటీలకు (పెద్ద కరెంటును రిలే కోసం చిన్నదిగా మార్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లకు) ముందు ఇన్సులేషన్, తర్వాత రేషియో, పోలారిటీ, మాగ్నెటైజేషన్ కర్వ్. రిలేలకు సెకండరీ ఇంజెక్షన్ (టెస్ట్ కిట్ నుంచి నేరుగా రిలేకు కరెంటు ఇచ్చి చూడడం). ఆ తర్వాత రిలే నుంచి బ్రేకరు కాయిల్ దాకా ప్రతి ట్రిప్‌నూ నిజంగా బ్రేకరు తెరిపించి చూడాలి. అప్పుడు ప్రైమరీ ఇంజెక్షన్ (అసలు లైను వైపే కరెంటు పంపి చూడడం). ఛార్జ్ చేశాక, రేటింగ్‌లో 10, 15 శాతం లోడైనా వచ్చిన తర్వాత, కరెంటు, వోల్టేజి కోణాలు కొలిచి దిశ సరిచూడాలి.

తప్పు జరిగేది ఈ వరసకు చివర. టెస్ట్ బ్లాక్‌లో సీటీ షార్టింగ్ లింకు తీయడం మరిచిపోతే రిలేకు కరెంటే రాదు, ప్యానెల్ మీద మాత్రం అంతా పచ్చగా ఉంటుంది. ట్రిప్ లింకు తెరిచి వదిలేస్తే ఫాల్టు రోజునే తెలుస్తుంది. సీటీ 400/1 ఉండగా రిలేలో 800/1 అని రాసి ఉంటే కరెంటు రెండింతలు కనపడి, సగం లోడుకే ట్రిప్ అవుతుంది. సీటీ స్టార్ పాయింట్ బస్సు (లైన్లన్నీ కలిసే కడ్డీ) వైపు కట్టాల్సింది లైను వైపు కడితే డిఫరెన్షియల్ రిలే మొదటి లోడుకే పడిపోతుంది. వీటన్నిటికంటే ముఖ్యం, ప్రైమరీలో కరెంటు ఉండగా సీటీ సెకండరీని ఎప్పుడూ విప్పకండి. ప్రాణం తీసేంత వోల్టేజి అక్కడ పుడుతుంది.

బ్యాటరీ స్టోరేజీ కొత్త రంగం, జాగ్రత్తలూ కొత్తవే. మామూలు పరికరాన్ని ఐసొలేట్ చేస్తే చచ్చిపోతుంది, బ్యాటరీ చావదు. ఐసొలేటర్ తెరిచినా ర్యాకు టెర్మినల్స్ మధ్య వెయ్యి వోల్టులకు పైనే నిలబడి ఉంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ 20 శాతం ఛార్జ్ నుంచి 80 శాతానికి వెళ్లినా వోల్టేజి మారేది ఇంచుమించు పదో వంతు వోల్టే. అందుకని బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే కంట్రోల్ వ్యవస్థ) వోల్టేజి చూసి ఛార్జ్ ఎంతుందో చెప్పలేక, వచ్చి పోయిన కరెంటును లెక్కపెట్టుకుంటుంది. ఆ లెక్కలో చిన్న తప్పులు పోగవుతాయి. చాలా రోజులు సగం ఛార్జ్ మధ్యనే ఆడిస్తే, తెర మీద 40 శాతం చూపిస్తూనే ఒక ర్యాకు హఠాత్తుగా ఖాళీ అవుతుంది. అప్పుడప్పుడు నిండుగా ఛార్జ్ చేసి లెక్క సరిదిద్దుకోవాలి. సెల్ పాడై వేడి అదుపు తప్పితే మంటకంటే ముందు మండే వాయువులు వస్తాయి. 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని ఆరిజోనాలో ఒక బ్యాటరీ కేంద్రం తలుపు తెరిచాక పేలుడు జరిగి అగ్నిమాపక సిబ్బంది గాయపడ్డారు. వాయువును పసిగట్టే సెన్సర్లు, వెంటిలేషన్, పేలుడు ఒత్తిడిని బయటికి వదిలే ప్యానెళ్లు, వీటి డిజైన్ కూడా ఎలక్ట్రికల్ ఇంజినీరు చదవాల్సిందే.

ఉద్యోగాల గురించి ఒక చేదు నిజం కూడా చెప్పాలి. సోలార్ కేంద్రంలో ఎక్కువమందికి పని దొరికేది కట్టేటప్పుడే. కట్టడం పూర్తయితే బృందం మరోచోటికి వెళ్లాలి, నడపడానికి కొద్దిమంది చాలు. అందుకని మొదటి రెండు మూడేళ్లు సైట్ పని చేయడం మంచిదే గానీ, ఆ సమయంలోనే స్టడీలు, ప్రొటెక్షన్, స్కాడా (కేంద్రాన్ని దూరం నుంచి చూసి నడిపే కంప్యూటర్ వ్యవస్థ), పవర్ ఎలక్ట్రానిక్స్ కంట్రోల్, బ్యాటరీ వీటిలో ఒకటి పట్టుకోవాలి. సబ్‌స్టేషన్ సమాచార వ్యవస్థకు వెళ్లదలచినవారు ఐఈసీ 61850 అనే ప్రమాణం చదివి, అందులోని గూస్ అనే వేగవంతమైన సందేశం ఒక రిలే నుంచి మరో రిలేకు ఎలా వెళ్తుందో నెట్‌వర్క్ క్యాప్చర్‌లో కళ్లారా చూడాలి. సర్టిఫికెట్ల సంఖ్యకంటే ఇంటర్వ్యూలో ఇది ఎక్కువ పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఖరీదని ఆగనక్కర్లేదు. గ్రిడ్ లెక్కలు వేసే ఓపెన్‌డీఎస్‌ఎస్, పైథాన్‌లో నడిచే పాండాపవర్ ఉచితం. కాలేజీ ప్రాజెక్టుకు ఇది సరిపోతుంది: ఐఈఈఈ 9 బస్ నమూనా (తొమ్మిది కూడళ్లున్న చిన్న గ్రిడ్) తీసుకుని ముందు మూడు జనరేటర్లతో ప్రతి బస్సు దగ్గరా ఫాల్టు కరెంటు లెక్కించండి. తర్వాత ఒక జనరేటర్ తీసేసి దాని బదులు 1.1 రెట్లకు మించని కరెంటు సోర్సు పెట్టండి. రెండోది కూడా మార్చండి. ప్రతిసారీ రిలే పికప్‌లు, టైమింగ్‌లు మళ్లీ గీసి, ఎక్కడ రిలే గుడ్డిదవుతోందో పట్టిక వేయండి. ఇంటర్వ్యూకి ఆ పట్టిక తీసుకెళ్లి వివరించగలిగితే అడిగేవారు మరో ప్రశ్న వెతుక్కోవాలి.

సంపాదకులకు మా విన్నపం ఒక్కటే. మీ కెరీర్ పేజీలో నెలకొకసారైనా నిజమైన పని కాగితం ఒకటి వేసి వివరించండి. ఒక రిలే సెట్టింగ్ షీటు, ఒక సింగిల్ లైన్ డయాగ్రమ్, ఒక సీటీ టెస్ట్ రిపోర్టు, ఒక మాడ్యూల్ డేటాషీటు. మొదటి నెల పై డేటాషీటు లెక్కతోనే మొదలుపెట్టి, కనిష్ఠ ఉష్ణోగ్రత మైనస్ 5 డిగ్రీలైతే స్ట్రింగ్‌కు ఎన్ని మాడ్యూళ్లు పెట్టాలో పాఠకులను అడగండి. 28 అని రాసినవారు పాసైనట్టు. కానీ ఎన్ని వోల్టుల వెసులుబాటు మిగిలిందో కూడా రాయమనండి. లెక్క సరిగ్గా వేస్తే 1,498 వోల్టులు వస్తుంది, మిగిలేది రెండంటే రెండు వోల్టులు. అప్పుడు 27కు తగ్గించాలా వద్దా అని ఆలోచించే పిల్లలే ఈ రంగానికి కావలసినవారు.

ఇట్లు,
విద్యుత్ రక్షణ, టెస్టింగ్ విభాగాల ఇంజినీర్లు